కాపలాకు కాసిన అడవి

అనంతపురం సీమలో గుట్టలంటే బండలూ, బోడి నేలా అనే మన కంటికి అలవాటు. బెంగళూరు హైవే మీద చెన్నేకొత్తపల్లి దగ్గర దిగి ముష్టికోవెల దారి పట్టండి, ఆ అలవాటు చెదిరిపోతుంది. నడుమెత్తు బోదగడ్డి, వంకల పొడుగునా ఈతచెట్లు, వాలుల మీద సీతాఫలం, కానుగ, వేప. ఇదే కల్పవల్లి. దాదాపు 9 వేల ఎకరాలు.

ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ప్రాంతమిది. వంటచెరకుకు కొట్టగా కొట్టగా ఈ గుట్టలు మోడులే మిగుల్చుకున్నాయి. 1990లో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ ఇక్కడికి దగ్గర్లోనే 32 ఎకరాల బీడు తీసుకుని పచ్చగా చేసే పని మొదలుపెట్టింది. మరి రెండు మూడేళ్లకు ఊళ్లవాళ్లతో కలిసి ఈ గుట్టల మీదికొచ్చింది.

మొక్కలు నాటారు, విత్తనాలు చల్లారు. నిజమే. కానీ ఈ అడవిని పెంచింది కాపలా అనే నేనంటాను. కొట్టేసిన మోడుకు మట్టిలో వేరు బతికే ఉంటుంది. గొడ్డలీ నిప్పూ ఆగితే చాలు, నాలుగు వానలకు పిలకలేస్తుంది. ఎన్ని లక్షల మొక్కలు నాటామని లెక్క చెప్పుకునే సర్కారు పథకాలు ఈ సంగతి ఎప్పుడు పట్టించుకుంటాయో!

మాఘం వెళ్లేసరికి గడ్డి గలగలలాడుతుంది. ఒక్క బీడీ ముక్క చాలు. పాతగడ్డి కాలితే వానకు లేతగడ్డి వస్తుందని జీవాలు మేపుకునేవాళ్లే అంటించడమూ ఉంది. అందుకే వేసవికి ముందే గుట్టకు అడ్డంగా గడ్డి కోసి, మట్టి తేలేలా వెడల్పాటి బాట తీస్తారు. మంట అక్కడిదాకా వచ్చి, అంటుకోవడానికేమీ లేక ఆగాలి. ఆగకపోతే ఇక మనుషులే. పచ్చికొమ్మలు విరుచుకుని మంట అంచున బాదుకుంటూ పోతారు. గాలి ఎటు తిరిగితే అటు పరుగు. ట్యాంకరు ఎక్కలేని గుట్ట మీద ఇంకో దారి లేదు.

వంకలోకి దిగితే ఈతచెట్ల మొదట్లో ఇసుక చెమ్మగా తగులుతుంది. పైన గడ్డివేళ్లు పట్టి ఉంచిన వాన రాళ్ల సందుల్లోంచి ఊరుతూ ఇక్కడికి చేరుతుంది. ఈతాకుతో చాపలు, బుట్టలు, చీపుర్లు అల్లుతారు. బోదగడ్డి ఇంటికప్పుకు పోతుంది. తోడేళ్లూ ఇక్కడ బతుకుతున్నాయి. వాటికి కావలసింది దట్టమైన చెట్లు కాదు, తెరిపిగా ఉన్న గడ్డినేల. కాబట్టి ప్రతి జానెడు చోటా చెట్టు నాటకపోవడమే ఇక్కడ మేలు.

ఇంత చేసినా రికార్డుల్లో ఇది అటవీ భూమి కాదు, రెవెన్యూ బంజరు. పదిహేనేళ్ల కిందట గాలిమరలు వచ్చినప్పుడు ఆ సంగతి ఊళ్లకు బాగా తెలిసొచ్చింది. భారీ రెక్కల్ని మోసే లారీల కోసం గుట్టలు తొలిచి దారులు వేశారు. చెట్లు పోయాయి, తవ్విన మట్టి వంకల్లోకి జారింది. గాలి విద్యుత్తుకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు, రికార్డుల్లో బంజరు కాబట్టి అటవీ చట్టమూ అడ్డు రాలేదు. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

గాలి కరెంటు వద్దని నేననను. ఎండలు ముదురుతున్న ఈ సీమకు అదీ కావాలి. కానీ ముప్పై ఏళ్లు నిప్పుతో పోరాడి నిలబెట్టిన గుట్టను ఎవరికైనా రాసిచ్చేముందు గ్రామసభ ఒప్పుకోలు తప్పనిసరి కావాలి. దానికి కొత్త పథకమేదీ అక్కర్లేదు. ఆ ఊళ్ల హక్కును రెవెన్యూ రికార్డులోకి ఎక్కించండి, ముందు అది చాలు.