పిల్లల వార్డుకు పెద్ద, పెద్దల వార్డుకు చిన్న

నంద్యాల జిల్లా డోన్‌లో క్యాన్సర్ మాట చెవిన పడగానే ఇంట్లో మొదట తేల్చుకునేది ఎటు వెళ్లాలన్నదే. ఉత్తరాన యాభై కిలోమీటర్ల దూరంలో కర్నూలు పెద్దాసుపత్రి, అక్కడి వైద్య కళాశాల ఆవరణలో రాష్ట్ర క్యాన్సర్ సంస్థ ఉన్నాయి. రైలు దిగకుండా ఇంకా పైకి పోతే హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె., బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రులు, కిందికి పోతే బెంగళూరులో కిద్వాయ్. ఊరు రైల్వే జంక్షన్ కావడం ఇక్కడివాళ్లకు పెద్ద ఆసరా. కానీ రోగి పదిహేడేళ్ల ఇంటర్ విద్యార్థి అయితే, ఆస్పత్రి చేరాక కూడా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఏ వార్డుకు పంపాలి?

పిల్లల వార్డులో గోడల మీద బొమ్మలు, పక్క మంచం మీద నాలుగేళ్ల పాప. పెద్దల వార్డులో అటూ ఇటూ తాతల వయసువాళ్లు. రెండు చోట్లా ఆ కుర్రాడు తన ఈడువాళ్లెవరూ లేక ఒంటరివాడవుతాడు. 15 నుంచి 39 ఏళ్ల మధ్యవాళ్లను అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ విడిగా ఒక వర్గంగా చూస్తోంది. వాళ్లకు వచ్చే జబ్బులూ కొంత వేరు: హాడ్జ్‌కిన్ లింఫోమా, ఎముక క్యాన్సర్లు, వృషణాల క్యాన్సర్, థైరాయిడ్, లుకేమియా.

లుకేమియాలో వార్డు ఎంపిక ప్రాణాల మీదికే వస్తుంది. తీవ్రమైన లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన 16–20 ఏళ్లవారి రికార్డులను అమెరికా పరిశోధకులు పోల్చి చూసి, 2008లో ఫలితాలు ప్రచురించారు. పిల్లల వైద్య బృందాల దగ్గర చికిత్స పొందినవారిలో ఏడేళ్ల తర్వాత 67 శాతం మంది బతికి ఉండగా, పెద్దల వైద్య బృందాల దగ్గరకు వెళ్లినవారిలో 46 శాతమే మిగిలారు. జబ్బు ఒకటే, వయసూ ఒకటే. పిల్లల పద్ధతిలో విన్‌క్రిస్టిన్, స్టెరాయిడ్లు, ఆస్పరాజినేజ్ మోతాదులు ఎక్కువ. మెదడుకు జబ్బు పాకకుండా వెన్నులోకి ఇచ్చే మందు ముందుగానే మొదలవుతుంది. అందుకే ఇప్పుడు చాలాచోట్ల ఈ ఈడువాళ్లకు పిల్లల పద్ధతినే ఇస్తున్నారు. ఏ తలుపు తట్టారన్నదాన్ని బట్టి ప్రాణం నిలవడం, పోవడం ఉండకూడదు కదా!

ఈ చికిత్స చివరి దశలో రెండేళ్లకు పైగా మింగాల్సిన మాత్రల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. దాని వెనక ఉన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లే ప్రయోగశాల. అదే ప్రయోగశాల తయారుచేసిన అమినోప్టెరిన్‌తో లుకేమియా పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగిందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. చిన్నపిల్లలకైతే అమ్మ దగ్గరుండి మాత్ర వేస్తుంది. హాస్టల్లో ఉండే పద్దెనిమిదేళ్లవాడు ఒంట్లో బాగుందని రెండు వారాలు మానేస్తాడు, ఇంట్లో చెప్పడు. మాత్రలు తప్పితే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. ఫోన్ చేసి అడిగే నర్సు ఒకరుంటే ఎంతో తేడా ఉంటుంది.

ఎముక క్యాన్సర్ దగ్గర ఆలస్యం ఇంటి నుంచే మొదలవుతుంది. ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఎక్కువగా మోకాలి దగ్గరే, ఎదిగే వయసులోనే వస్తుంది. కబడ్డీలో దెబ్బ తగిలిందనుకుంటారు. పసుపు పట్టు వేస్తారు, నూనె పెట్టి మర్దన చేయిస్తారు, నాటు కట్టు కట్టిస్తారు. రాత్రి నిద్ర లేపే నొప్పి, వారాలు గడిచినా తగ్గని వాపు ఉంటే కట్టు కన్నా ముందు ఎక్స్‌రే తీయించాలి. గడ్డ ఉన్నచోట మర్దన అసలు చేయకూడదు. త్వరగా వస్తే కాలు తీసేయకుండా, గడ్డ ఉన్న ఎముక ముక్కను తొలగించి లోహపు కీలు అమర్చే అవకాశం ఎక్కువ.

లండన్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో టీనేజ్ క్యాన్సర్ ట్రస్ట్ 1990లో తన మొదటి ప్రత్యేక విభాగం తెరిచింది. ఇలాంటి వార్డుల్లో ఈడువాళ్లంతా ఒకచోట ఉంటారు, చదువుకోవడానికి వసతి ఉంటుంది, స్నేహితులు వచ్చి కూర్చునే చోటూ ఉంటుంది. మన దగ్గర అంత భవనం ఇప్పటికిప్పుడు లేకపోవచ్చు. ఒకే వరుసలో నాలుగు మంచాలు ఈ వయసువాళ్లకు కేటాయించడానికి, వారానికొక రోజు పిల్లల వైద్యులు, పెద్దల వైద్యులు కలిసి ఒకే ఓపీ నడపడానికి భవనం అక్కర్లేదు.

ఎవరూ నోరు మెదపని విషయం మరొకటి ఉంది. కొన్ని కీమో మందులు, పొత్తికడుపు రేడియేషన్ సంతాన శక్తిని దెబ్బతీస్తాయి. అబ్బాయి వీర్యం భద్రపరచాలంటే ఒకటి రెండు రోజులు చాలు. అమ్మాయి అండాలకు సుమారు రెండు వారాలు పడుతుంది. చికిత్స వెంటనే మొదలవ్వాల్సిన లుకేమియాలో ఆ వ్యవధి దొరకడం కష్టం. ఈ రెండింటిలో ఏదైనా సరే, కీమో ఎక్కించక ముందే జరగాలి. తండ్రి ముందు కొడుకు అడగలేడు, కూతురి సంగతి సరేసరి. “నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావు సార్” అనే భయంతో ఇంట్లోవాళ్లు జబ్బు పేరే దాస్తారు. కాబట్టి ఆ మాట డాక్టరే ఎత్తాలి, పిల్లలతో కాసేపు విడిగా కూర్చుని ఎత్తాలి.

జబ్బు నయమైనవాళ్లకు ముందు అరవై ఏళ్ల బతుకుంది. డాక్సోరూబిసిన్ అనే కీమో మందు గుండెను బలహీనం చేయవచ్చు. చిన్న వయసులో ఛాతీకి రేడియేషన్ పడిన అమ్మాయిలకు రొమ్ము పరీక్షలు మిగతావాళ్లకన్నా ఎంతో ముందుగా మొదలవ్వాలి. డోన్ కుర్రాడు ఉద్యోగానికి బెంగళూరు పోతాడు, అమ్మాయి పెళ్లయి వేరే ఊరు వెళుతుంది. అక్కడి డాక్టరుకు ఈ కథ ఏమీ తెలియదు. చికిత్స ముగిసిన రోజున ఏ మందు మొత్తం ఎంత ఎక్కిందో, రేడియేషన్ ఎక్కడ, ఎంత ఇచ్చారో, ఏ పరీక్ష ఎన్నేళ్లకోసారి చేయించుకోవాలో ఒక్క కాగితం మీద రాసి, తల్లిదండ్రులతో పాటు ఆ పిల్లల చేతికీ ఒక ప్రతి ఇవ్వాలి.