మిత్రునికి లేఖ: గైడులోది కాదు, పిల్లవాడిది కావాలి

ఐదో తరగతి పిల్లవాడిని 'మిత్రునికి లేఖ రాయి' అంటే తడుముకోకుండా రాసేస్తాడు. 'నేనిక్కడ క్షేమము. నీవక్కడ క్షేమమని తలుస్తాను. నేను బాగుగా చదువుచున్నాను.' తరగతిలో ఇరవైమంది ఉంటే ఇరవై ఉత్తరాలూ ఇంతే. మిత్రుడి పేరు కూడా గైడులో ఉన్న పేరే. తేదీ, సంబోధన, సంతకం ఎక్కడివక్కడ ఉంటాయి కనుక మార్కులు పడతాయి. కాని ఆ ఉత్తరం ఏ ఊరూ చేరదు. దానికి ఎవరూ జవాబు రాయరు.

ఉత్తరం విలువ జగిత్యాల జిల్లా పల్లెలకు ఒకరు చెప్పవలసింది కాదు. 1970ల తర్వాత ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి వేలాదిమంది దుబాయి, మస్కట్, కువైట్ దారి పట్టారు. ఇళ్లలో ఫోను లేని ఆ రోజుల్లో కంపెనీ పోస్టుబాక్సు నంబరే మనిషి చిరునామా. అప్పుల లెక్క, పొలం సంగతి, పుట్టిన బిడ్డ కబురు అన్నీ కాగితం మీదే నడిచాయి. చదువురాని తల్లులు, భార్యలు ఆ ఉత్తరాన్ని పోస్ట్‌మన్ చేతనో, బడిపంతులు చేతనో చదివించుకున్నారు. జవాబూ వారి చేతనే రాయించారు. ఇంటి గుట్టు పరాయివారి నోట వినవలసి వచ్చింది. చెప్పాలనుకున్న మాట గొంతులోనే ఉండిపోయింది. తన ఉత్తరం తాను రాసుకోలేకపోతే కలిగే నష్టం అది.

ఇప్పుడు ప్రతి ఇంటా ఫోను ఉంది. తండ్రి ముఖం చూస్తూ మాట్లాడవచ్చు. మంచిదే. అయితే నోటితో చెప్పి పంపడం అలవాటైన పిల్లలకు రాసే అవసరమే రావడం లేదు. తెలంగాణలో 2022లో ప్రారంభమైన 'తొలిమెట్టు' కార్యక్రమం 1 నుంచి 5 తరగతుల పిల్లలకు చదవడం, రాయడం పట్టుబడాలన్న ఉద్దేశంతో వచ్చినదే. అక్షరాలు వచ్చిన పిల్లవాడు తన సొంత మాటను కాగితం మీద పెట్టడానికి స్నేహితుడికి రాసే ఉత్తరం కంటే తేలికైన దారి లేదు.

ముందు మనిషి, తర్వాత ఉత్తరం

నల్లబల్ల మీద నమూనా రాసి దించుకోమంటే పిల్లలకు వచ్చేది చేతిరాత మాత్రమే. మొదట తేలవలసింది ఎవరికి రాయాలన్నది. నాలుగో తరగతి వరకు పక్కన కూర్చున్న నేస్తం ఐదో తరగతికి గురుకులానికి వెళ్లి ఉంటాడు. అక్కడ పిల్లల చేతికి ఫోను ఇవ్వరు. వాడికంటే ఉత్తరం కోసం ఎదురుచూసేవాడు ఎవరుంటారు?

'వాడు ఇప్పుడు నీ ఎదురుగా ఉంటే ఏం చెబుతావు?' అని అడగాలి. పిల్లవాడు నోటితో చెప్పిందే రాయమనాలి. అప్పుడు ఇలాంటి ఉత్తరం వస్తుంది: 'మన బడి వెనక చింతచెట్టు బాగా కాసింది. నువ్వు ఎక్కే కొమ్మ గాలికి విరిగింది. మా బర్రె ఈనింది. అవ్వ జున్ను చేస్తే నీ వాటా కూడా నేనే తిన్నాను. మీ హాస్టలులో రాత్రి నీ పక్కన ఎవరు పడుకుంటారు?'

ఇందులో ఒక కబురు ఉంది. ఇద్దరికే తెలిసిన చెట్టుకొమ్మ ఉంది. చివర జవాబు కోరే ప్రశ్న ఉంది. ఈ మూడూ ఉంటే చాలు. 'క్షేమము' అన్న మాట లేకపోయినా క్షేమం తెలుస్తూనే ఉంది.

రెండో తరగతి పిల్లలు బొమ్మ గీసి కింద ఒక వాక్యం, తమ పేరు రాస్తే సరిపోతుంది. మూడో తరగతికి కార్డు మీద నాలుగైదు వాక్యాలు చాలు. నాలుగు, ఐదు తరగతుల వారికి ఇన్‌లాండు కవరు ఇవ్వవచ్చు. తప్పులుంటే కార్డు మీద ఎర్రసిరా పెట్టరాదు. ముందు నోటుపుస్తకంలో రాయించి, పిల్లవాడి చేతనే పైకి చదివించాలి. వదిలేసిన అక్షరం, తెగిపోయిన వాక్యం చదివేటప్పుడు చాలావరకు వాడికే తెలిసిపోతాయి.

ఇంటి పిలుపే ఉండాలి

ఇంట్లో 'బాపూ' అని పిలిచే బిడ్డ చేత 'పూజ్యులైన తండ్రిగారికి' అని రాయిస్తే ఆ బిడ్డ మాట అక్కడే ఆగిపోతుంది. చుట్టాలకు, స్నేహితులకు ఇంటి పిలుపే పిలుపు. హెడ్‌మాస్టరుకు రాసే సెలవుచీటీలో మాత్రం 'గారు', 'మీరు' ఉండాలి. ఈ తేడా తెలియడమూ చదువే.

ఊరు, తేదీ కుడివైపు పైన ఎందుకు రాస్తారో కూడా చెప్పాలి. ఉత్తరం చేరేసరికి నాలుగు రోజులు పట్టవచ్చు. 'నిన్న వాన పడింది' అన్న మాటకు అర్థం తేదీతోనే తెలుస్తుంది.

చిరునామా కూడా పాఠమే. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడులో ఆరు అంకెలుంటాయి. మొదటి అంకె 5 అయితే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలలో ఒకటి. జగిత్యాల పిన్ 505327. చివరి మూడు అంకెలు ఉత్తరం పంచే పోస్టాఫీసును చెబుతాయి. తన ఊరి పిన్ తెలిసిన పిల్లవాడు దేశపటంలో తానున్న చోటు తెలుసుకున్నట్లే.

కార్డు మీది రాత దారిలో అందరి కంటా పడుతుంది. కనుక ఇంటి సంగతులు కవరులోనే రాయాలని చెప్పాలి. ఇన్‌లాండులో ఫోటోలు, రూపాయి నోట్లు పెట్టకూడదు.

పది రూపాయల పని

కార్డు వెల 50 పైసలు. ఇరవైమంది పిల్లలకు పది రూపాయలు. ఇన్‌లాండు అయితే ఒక్కొక్కటి రెండున్నర రూపాయలు. గల్ఫులో ఉన్న తండ్రికి రాసిన ఉత్తరాన్ని ఫోటో తీసి ఫోనులో పంపినా సరే, అసలు కాగితం దాచి ఉంచితే ఆయన సెలవుకు వచ్చినప్పుడు చేతికి ఇవ్వవచ్చు. తపాలా శాఖ 2017లో మొదలుపెట్టిన 'ఢాయీ ఆఖర్' ఉత్తరాల పోటీలో 18 ఏళ్లలోపు వారికి వేరే విభాగం ఉంది. తెలుగులోనూ రాయవచ్చు.

పిల్లవాడు డబ్బాలో వేసిన ఉత్తరానికి జవాబు రాకపోతే రెండో ఉత్తరం రాయడు. ఈ పాఠంలో సగం పని పంతులుదైతే, మిగతా సగం ఉత్తరం అందుకున్నవారిది. మేనమామ అయినా, అక్క అయినా, గురుకులంలోని నేస్తం అయినా రెండు ముక్కలు తిరిగి రాయాలి. చదువురాని అమ్మమ్మకు ఉత్తరం వస్తే ఆ పక్కింటి బడిపిల్లను పిలిచి చదివించుకుని, తన మాటలు తాను చెప్పి జవాబు రాయించవచ్చు. అప్పుడు ఒక్క కార్డుతో ఇద్దరు పిల్లలకు చదువు వస్తుంది.