మిట్టమధ్యాహ్నపు దయ్యం

ఉదయం పది గంటలు. ఈజిప్టు ఎడారి అంచున ఒక చిన్న గదిలో సన్యాసి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పొద్దు అంగుళమైనా కదలడం లేదనిపిస్తుంది. కిటికీలోంచి తొంగి చూస్తాడు. భోజనం మూడు గంటలకు. అందుకు ఇంకెంతసేపుందో చూద్దామని బయటికొచ్చి సూర్యుడి వంక కళ్లు చికిలిస్తాడు. తోటివాళ్లెవరైనా ఇటు వస్తున్నారేమోనని నాలుగు దిక్కులా పరికిస్తాడు. ఎవరూ రారు. ఇక అక్కణ్నుంచి మనసులో గొణుగుడు మొదలవుతుంది. ఈ చోటే బాగాలేదు. చేసే పనిలో పస లేదు. మనుషుల్లో ప్రేమన్నదే కరవైపోయింది, ఈ మధ్య ఫలానావాడు తనను నొప్పించాడు కూడా. వేరేచోట అయితే బతుకు ఇంత కష్టంగా ఉండదు, దేవుణ్ని ఎక్కడున్నా కొలవొచ్చు కదా! అంతలో ఇంట్లోవాళ్లు గుర్తొస్తారు. ముందున్న ముసలితనం ఎంత పొడుగో కళ్లకు కడుతుంది.

నాలుగో శతాబ్దం చివర్లో ఎవాగ్రియస్ అనే క్రైస్తవ సన్యాసి గ్రీకులో రాసిన 'ప్రాక్టికోస్' గ్రంథంలో పన్నెండో అధ్యాయం చెప్పే సంగతి ఇది. నూరు చిన్న చిన్న అధ్యాయాల పుస్తకంలో ఈ ఒక్క పుటనూ ఈనాటి ఉద్యోగి చదివితే, ఎవరో తన గురించే రాశారని ఉలిక్కిపడే అవకాశం ఉంది.

ఈ అవస్థకు గ్రీకు సన్యాసులు పెట్టుకున్న పేరు అకేడియా. దేని మీదా పట్టింపు లేకపోవడం, ఉన్నచోట నిలవలేకపోవడం రెండూ అందులో ఉన్నాయి. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా దాని జోరు కాబట్టి ఎవాగ్రియస్ దాన్ని మధ్యాహ్నపు దయ్యం అన్నాడు. ఆ పేరు గ్రీకు బైబిలులోని కీర్తనల నుంచి తీసుకున్నది. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఆపద వేళ చదువుకునే 91వ కీర్తనే దానికి ఆధారం.

ఎవాగ్రియస్ పుట్టుకతో ఎడారివాడు కాదు. నేటి టర్కీలో నల్లసముద్రం దగ్గరున్న పొంతు ప్రాంతంలో 345 ప్రాంతంలో పుట్టాడు. బాసిల్, నజియాన్జు గ్రెగరీ వంటి ఆనాటి మహాపండితుల దగ్గర చదువుకున్నాడు. గ్రెగరీ చేతుల మీదుగా డీకను (చర్చి పరిచారకుడు) అయ్యి, రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో వాదనాపటిమతో పేరు తెచ్చుకున్నాడు. అక్కడే ఒక పెద్ద అధికారి భార్య మీద మనసుపడ్డాడు. ఆమె కూడా ఇతణ్ని కోరుకుంది. తనను బంధించినట్టు వచ్చిన కల ఒకటి భయపెట్టడంతో ఉన్నపళంగా ఊరు విడిచి యెరూషలేము చేరాడని అతని శిష్యుడు పల్లాడియస్ రాశాడు. అక్కడ మళ్లీ పాత దర్జాలో పడ్డాడు. నెలల తరబడి జ్వరం వదల్లేదు. మఠం నడుపుతున్న మెలానియా అనే సంపన్న రోమను మహిళ అసలు కారణం అతని నోటితోనే చెప్పించి, సన్యాసం పుచ్చుకుంటానని మాట తీసుకుంది. అలా 383 ప్రాంతంలో ఈజిప్టు వెళ్లాడు. 399లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

అతను చివరికి స్థిరపడిన చోటు పేరు కెల్లియా. అలెగ్జాండ్రియాకు దక్షిణాన, నైలు డెల్టాకు పడమటి అంచున ఉన్న సన్యాసుల వాడ అది. ఒక గదిలోని మాట ఇంకో గదికి వినిపించనంత దూరదూరంగా కట్టుకునేవారు. శని, ఆదివారాల్లో మాత్రం అందరూ ప్రార్థనకు కలిసేవారు. మిగతా రోజులన్నీ ఎవరి గది వారిది. ఎవాగ్రియస్ చేతిరాత చక్కనిది కావడంతో పుస్తకాలకు నకళ్లు రాసి పొట్టపోసుకున్నాడు. ఇసుకలో మునిగిపోయిన ఈ వాడ శిథిలాలను 1964లో ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ గియోమోన్ గుర్తించారు. 'ప్రాక్టికోస్'కు ప్రామాణికమైన ఆధునిక ముద్రణ తెచ్చినవారిలోనూ ఆయన ఒకరు.

గదిలో మనిషి ఒంటరిగా మిగిలినప్పుడు వచ్చి మీదపడేవి ఆలోచనలే. ఎవాగ్రియస్ వాటిని ఎనిమిది రకాలుగా విడదీశాడు: తిండియావ, కామం, ధనాశ, దిగులు, కోపం, అకేడియా, కీర్తికాంక్ష, గర్వం. తెలుగు పాఠకులకు వెంటనే అరిషడ్వర్గాలు గుర్తురావడం సహజం. రెండు జాబితాల్లోనూ కామం, క్రోధం, లోభం ఉన్నాయి. మదానికి దగ్గరగా గర్వం ఉంది. తేడాలు ఇంకా ఆసక్తికరం. ఎవాగ్రియస్ లెక్కలో మాత్సర్యం లేదు. అరిషడ్వర్గాల్లో అకేడియాకు చోటు లేదు. ఆ పోలిక కావాలంటే పతంజలి యోగసూత్రాల దగ్గరికి వెళ్లాలి. సాధనకు అడ్డుతగిలే తొమ్మిది విఘ్నాల్లో ఆయన స్త్యానాన్నీ (మనసు మొద్దుబారడం), ఆలస్యాన్నీ (సోమరితనం) చేర్చాడు. ఒంటరిగా కూర్చుని సాధన చేసినవాళ్లకు ఏ దేశంలోనైనా ఈ చిక్కు ఎదురయ్యే ఉంటుంది.

ఈ ఎనిమిదిటి వెనక గ్రీకు తత్వశాస్త్రం ఉంది. ఆత్మలో వివేకం, ఆవేశం, కోరిక అనే మూడు భాగాలున్నాయన్న ప్లేటో మాట గ్రెగరీ ద్వారా ఎవాగ్రియస్‌కు అందింది. స్టోయిక్ తత్వవేత్తల నుంచి ఇంకో ముఖ్యమైన సంగతి వచ్చింది. మనసులో మొదటిసారి రేగే కదలిక మన చేతిలో లేదు, దానికి ఊఁ కొట్టడం మాత్రం మన చేతిలోనే ఉందని వాళ్లు చెప్పారు. ఎవాగ్రియస్ దీన్ని ప్రార్థనా జీవితంలోకి తెచ్చాడు. ఆలోచన రావడం పాపం కాదు. అది రావాలా వద్దా అన్నది మన ఇష్టాన్ని బట్టి ఉండదు. దాన్ని మనసులో తిష్ఠ వేయనిస్తామా, వెళ్లగొడతామా అన్నదే ప్రశ్న. పాపభీతితో నలిగిపోయే భక్తుడికి ఇది ఎంత ఊరటో వేరే చెప్పనక్కర్లేదు.

అక్కడితో ఆగలేదు. ఆలోచనల్ని కాపు కాయమన్నాడు. ఏది ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు తగ్గుతోంది, దేని తర్వాత ఏది వస్తోంది, ఏది దేనితో కలవదు, ఇవన్నీ గమనించుకుని, వాటి మర్మం తెలియజెప్పమని క్రీస్తును వేడుకోమన్నాడు. పరిశీలన, ప్రార్థన ఇక్కడ పక్కపక్కనే నడిచాయి.

గమనించాక బదులు చెప్పాలి. ఇందుకోసమే 'అంతిరేటికోస్' అనే పుస్తకం కూర్చాడు. ఎనిమిది ఆలోచనలకు ఎనిమిది భాగాలు. ఒక్కో భాగంలోనూ మనసు వేసే ఎత్తు ఒకటి, దానికి ఎదురుగా బైబిలు వాక్యం ఒకటి. ఇలా దాదాపు 500 జంటలు. ఎడారిలో సాతాను శోధించినప్పుడు యేసు లేఖనాలతోనే తిప్పికొట్టిన పద్ధతే దీనికి నమూనా. అకేడియా మరీ మీదపడినప్పుడు ఇంకో ఉపాయం చెప్పాడు. కన్నీళ్లతో ఆత్మను రెండుగా పంచుకుని, ఒక సగం రెండో సగాన్ని ఓదార్చాలి. నా ప్రాణమా, ఎందుకు కుంగిపోతున్నావని దావీదు తనను తానే ప్రశ్నించుకున్నట్టుగా!

మధ్యాహ్నపు దయ్యానికి అసలు మందు మాత్రం గది వదలకపోవడమే. చేసే ప్రతి పనికీ ఒక కొలత పెట్టుకుని, అది పూర్తయ్యేదాకా లేవొద్దన్నది ఎవాగ్రియస్ సలహా. ఈ దయ్యం సోమరితనం రూపంలోనే వస్తుందని అనుకుంటే పొరపాటే. ఫలానా చోట జబ్బుపడినవాణ్ని చూసి రారాదా అని పుణ్యకార్యం రూపంలో కూడా వస్తుంది. సాయం చేయాలన్న కోరిక కంటే, గదిలోంచి బయటపడాలన్న తహతహే ఆ పిలుపు వెనక ఉంటుంది. అకేడియాను వట్టి బద్ధకం అనడానికి వీల్లేనిది ఇందుకే. ఊరంతా తిరిగి పదిమంది పనులు నెత్తినేసుకునే మనిషిలోనూ ఇది ఉండొచ్చు.

పనిని పట్టుకుని నిలవడమనే మందుకు ఎడారి పెద్దల కథల్లో ఉదాహరణలు చాలా ఉన్నాయి. సన్యాసులకు ఆదిపురుషుడనదగ్గ ఆంథోనీనే ఒకసారి అకేడియా పట్టుకుందట. బయటికి వెళ్లి చూస్తే తనలాంటివాడే ఒకడు కూర్చుని తాడు పేనుతున్నాడు, లేచి ప్రార్థిస్తున్నాడు, మళ్లీ కూర్చుని పేనుతున్నాడు. అతను దేవదూత అనీ, రోజును ఎలా గడపాలో అలా చూపించాడనీ కథ. 'అబ్బా' (తండ్రి) అని పిలిచే పౌలు అనే సన్యాసి కథ ఇంకా విడ్డూరం. అతనుండే చోటు నుంచి జనావాసానికి ఏడు రోజుల ప్రయాణం. తాటాకులతో పని చేస్తే, దాన్ని అమ్ముకుని వచ్చే డబ్బు కంటే రవాణా ఖర్చే ఎక్కువ. అయినా రోజూ తనకు తానే పని లెక్క పెట్టుకుని చేసేవాడు. ఏడాది చివర గుహ నిండిపోతే, అన్నీ తగలబెట్టి మళ్లీ మొదలుపెట్టేవాడు.

పౌలు కథ రాసిపెట్టినవాడు జాన్ కాసియన్. ఈజిప్టు సన్యాసుల మధ్య ఏళ్ల తరబడి గడిపి, 415 ప్రాంతంలో ఫ్రాన్సులోని మార్సెయ్‌లో మఠాలు పెట్టాడు. ఎవాగ్రియస్ పేరెత్తకుండానే అతని ఎనిమిది ఆలోచనల్ని లాటిన్ ప్రపంచానికి అందించాడు. ఆరో శతాబ్దం చివర పోపు మహా గ్రెగరీ ఆ జాబితాను తిరగరాశాడు. గర్వాన్ని అన్నిటికీ వేరుగా పక్కన పెట్టాడు, అసూయను చేర్చాడు, అకేడియాను దిగులులో కలిపేశాడు. ఏడు మూలపాపాల లెక్క అలా వచ్చింది.

ఈలోగా ఎవాగ్రియస్‌కు గ్రహచారం బాగాలేకపోయింది. అతను గురువుగా భావించిన పూర్వపు క్రైస్తవ పండితుడు ఓరిజెన్ సిద్ధాంతాలతో పాటు అతని బోధలూ 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ కాలంలో ఖండనకు గురయ్యాయి. గ్రీకు మూలాలు చాలా పోయాయి. 'అంతిరేటికోస్' సిరియా భాషా అనువాదంలో నిలిచింది. ప్రార్థన మీద రాసిన పుస్తకం నీలుసు అనే వేరే సన్యాసి పేరు మీద శతాబ్దాలు చెలామణీ అయింది.

పడమట అకేడియా మరో దారి పట్టింది. పదమూడో శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి థామస్ అక్వైనాస్ దాన్ని దైవసంబంధమైన మేలు పట్ల కలిగే విషాదమని నిర్వచించాడు. విషాదానికి మందులు చెబుతూ ఏడుపు, స్నేహితుల ఓదార్పు, సత్యచింతనతో పాటు నిద్రనూ స్నానాన్నీ కూడా చేర్చాడు. మరోపక్క, ప్రతి విశ్వాసీ ఏడాదికోసారి పాపసంకీర్తనం చేయాలని 1215 లాతరాను మహాసభ విధించింది. దాంతో పామరులకు అర్థమయ్యే పాపాల పట్టీలు అవసరమయ్యాయి. పూజకు ఆలస్యంగా రావడం, పనిలో నిర్లక్ష్యం వంటివన్నీ అకేడియా కిందికి చేరాయి. ఎడారివాళ్లు అంత సూక్ష్మంగా గీసిన చిత్రం సోమరితనమనే ఒక్క మాటకు కుదించుకుపోయింది.

ఆలోచనల్ని కాపు కాసే పాత పద్ధతి మాత్రం చచ్చిపోలేదు. 1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి ఇగ్నేషియస్ లొయోలా అనే సైనికుడు మంచాన పడ్డాడు. వీరగాథల గురించి పగటికలలు కన్నంతసేపూ హాయిగానే ఉన్నా, ఆ తర్వాత మనసు ఎండిపోతోందనీ, పునీతుల్లా బతకాలన్న ఊహ మిగిల్చే తృప్తి నిలుస్తోందనీ గమనించాడు. తర్వాత అతను రాసిన 'ఆధ్యాత్మిక సాధనలు'కు ఈ గమనింపే పునాది. మనసు ఎండిపోయిన కాలంలో, అంతకుముందు తీసుకున్న నిర్ణయాన్ని మార్చొద్దన్నది అందులోని ఒక నియమం. గది వదలొద్దన్న ఎడారి సలహా ఇందులో వినిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో కథ మనస్తత్వశాస్త్రం వైపు తిరిగింది. 1960లలో అమెరికాలో డాక్టర్ ఆరన్ బెక్ డిప్రెషన్ రోగుల మనసుల్లో వాటంతటవే మెదిలే ఆలోచనల్ని పట్టుకున్నాడు. వాటిని కాగితం మీద రాసుకుని, నిజమో కాదో పరీక్షించి, బదులు చెప్పడం రోగులకు నేర్పించాడు. కాగ్నిటివ్ థెరపీ అంటే ఇదే. ఈ పద్ధతికి స్టోయిక్కులే తాత్విక మూలమని బెక్ స్వయంగా చెప్పాడు. అంటే ఎడారి సన్యాసికీ అమెరికా డాక్టరుకూ ఉమ్మడి పూర్వీకులున్నారు. అప్పట్లో ఆర్థడాక్స్ సన్యాసి, మతగురువుగా ఉన్న అలెక్సిస్ ట్రేడర్ 2011లో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక పుస్తకమే రాశారు. 2020 లాక్‌డౌన్ రోజుల్లో ఆస్ట్రేలియా పరిశోధకుడు జొనాథన్ జెకర్ రాసిన వ్యాసంతో అకేడియా అన్న మాట మళ్లీ జనం నోళ్లలో పడింది.

పోలిక ఉంది కదా అని అకేడియానూ డిప్రెషన్‌నూ ఒకటే అనేయకూడదు. ఈ జాగ్రత్త పాతవాళ్లకే ఉంది. పదహారో శతాబ్దపు స్పెయిన్‌లో సిలువ యోహాను అనే సన్యాసి ప్రార్థనలో కలిగే చీకటిని, భక్తిలో చల్లబడటాన్ని, ఒంట్లోని జబ్బు వల్ల కలిగే దిగులును వేర్వేరుగా గుర్తించడానికి ఆనవాళ్లు చెప్పాడు. అవిలా తెరెసా తన మఠాల్లో విషాదరోగంతో ఉన్న కన్యాస్త్రీలను ఎక్కువసేపు ప్రార్థనలో కూర్చోనివ్వొద్దనీ, పనుల్లో పెట్టమనీ, ఉపవాసాలు తగ్గించమనీ మఠాధిపతులకు రాసింది. వారాల తరబడి నిద్ర, ఆకలి పోయి బతుకు మీదే ఆశ లేనివాళ్లకు, ఇంకా ప్రార్థించు అన్న సలహా ఒక్కటే ఇచ్చి పంపే ఈనాటి బోధకులు ఆమె రాసింది చదవడం మంచిది. అలాంటివాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇంకో తేడా గమ్యంలో ఉంది. వైద్యుడు రోగి మళ్లీ తన పనులు తాను చేసుకోగలిగితే చాలంటాడు. ఎవాగ్రియస్ కోరుకున్న ప్రశాంతతకు పుట్టే బిడ్డ ప్రేమ. మనసు కుదుటపడటం అతనికి మొదటి మెట్టే. ఈ దయ్యంతో పోరాడి నిలిచినవాడికి శాంతి, చెప్పలేని ఆనందం దక్కుతాయని పన్నెండో అధ్యాయం ముగుస్తుంది. పదమూడో అధ్యాయం కీర్తికాంక్ష గురించి. అందులో సన్యాసి గదిలోనే కూర్చుని తన వల్ల రోగులు బాగుపడుతున్నట్టు, జనం గుమ్మం ముందు బారులు తీరినట్టు, రానంటే కట్టేసి మరీ తీసుకెళ్లి మతగురువుగా అభిషేకిస్తున్నట్టు ఊహించుకుంటూ ఉంటాడు. అలెగ్జాండ్రియా అధిపతి థియోఫిలస్ ఎవాగ్రియస్‌ను నిజంగానే బిషప్పును చేయబోయాడని చర్చి చరిత్రకారుడు సోక్రటీస్ రాశాడు. ఎవాగ్రియస్ దొరక్కుండా పారిపోయాడు.