గోడకు ఎంత కాగితం?

రవిక గుడ్డ కొనడానికి బజారుకు వెళ్లిన ఇల్లాలు ముందు గుడ్డ పన్నా ఎంతో అడుగుతుంది. చారలు నిలువో అడ్డమో చూస్తుంది. పెద్ద పూలగుడ్డ అయితే, పూవు భుజం దగ్గర సగానికి తెగిపోకుండా, దర్జీ చెప్పకముందే పావు మీటరు ఎక్కువ కొలిపిస్తుంది. ఇంత తెలిసిన ఇల్లాలు కూడా గది గోడలకు కాగితం అంటించాలనుకున్న రోజున లెక్క అంతా దుకాణదారుకు వదిలేస్తుంది! గోడకాగితం అంటించడం గదికి రవిక కుట్టించడం వంటిదే. పన్నా, పొడుగు, పూవు - ఈ మూడూ చూస్తేగాని ఎంత కావాలో తేలదు.

సున్నం, రంగు తప్ప ఎరగని మన గోడలకు వాల్‌పేపరు ఈమధ్య వచ్చిన సొగసు. ఐరోపా వారికి మాత్రం ఇది పాత సంగతి. ఇంగ్లండులో 1712లోనే అచ్చు వేసిన గోడకాగితం మీద చదరపు గజానికి ఒక పెన్నీ చొప్పున పన్ను వేశారు. అది 1836లో గాని పోలేదు. పన్ను తప్పించుకోవడానికి సాదా కాగితం అంటించుకుని, ఆ తరువాత దానిమీద చేత్తో రంగులు అద్దించుకున్న వారు కూడా ఉన్నారట. గోడకాగితం దగ్గర లెక్కలు వేసుకోవడం అప్పటినుంచీ ఉన్నదే!

మన బజారులో ఎక్కువగా దొరికే చుట్ట 21 అంగుళాల పన్నా, 33 అడుగుల పొడుగు ఉంటుంది. (చుట్ట అంటే తాతగారు కాల్చేది కాదు!) అంటే ఒక చుట్టలో సుమారు 57 చదరపు అడుగుల కాగితమన్నమాట.

ఇప్పుడు ఒక గది తీసుకుందాం. 12 అడుగుల పొడుగు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. ఒక తలుపు, రెండు కిటికీలు. తొందరపాటు లెక్క ఇలా సాగుతుంది: నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులు. అందులో తలుపుకీ కిటికీలకీ 53 తీసివేస్తే 387. దాన్ని 57తో భాగిస్తే ఏడు చుట్టలు చాలు. కాగితం మీద ఈ లెక్క చక్కగా ఉంది. గోడ మీద మాత్రం నిలవదు. ఎందుచేతనంటే గోడకాగితాన్ని చదరపు అడుగుల్లో అంటించరు, నిలువు పట్టీలుగా అంటిస్తారు.

కనుక పట్టీలు లెక్కపెట్టండి. గది చుట్టుకొలత 44 అడుగులు. 21 అంగుళాల పన్నాతో దాన్ని చుట్టి రావడానికి 26 పట్టీలు కావాలి. గోడ ఎత్తు 10 అడుగులు, పైనా కిందా కత్తిరించడానికి మరో 4 అంగుళాలు. అలాంటి పట్టీలు 33 అడుగుల చుట్టలో మూడే వస్తాయి. మిగిలే రెండడుగుల ముక్క తలుపు పైభాగానికైనా చాలదు. అంటే 26 పట్టీలకు తొమ్మిది చుట్టలు. తలుపులూ కిటికీలూ తీసివేయకండి. వాటి పైనా కిందా కూడా పూవు కలపాలి. మహా అయితే ఒక చుట్ట మిగులుతుంది. ఏడింటితో మాత్రం పని జరగదు.

ఇది సాదా కాగితం సంగతి. పూల కాగితమైతే ఇంకొక మెలిక ఉంది. పెడనలో కలంకారీ గుడ్డ మీద చెక్క అచ్చు వేసేవారు అచ్చు పక్కన అచ్చు వేసుకుంటూ పోతారు. అచ్చు ఎంత ఉంటే అంత దూరంలో అదే పూవు మళ్లీ వస్తుంది. గోడకాగితంలోనూ అంతే. ఆ దూరం చుట్ట మీది చీటీలో 'రిపీట్' అని సెంటీమీటర్లలో ఉంటుంది. అది 21 అంగుళాలైతే, అంటే 53 సెంటీమీటర్లైతే, మన గదికి చుట్టకు మూడు పట్టీలు వస్తాయి. 24 అంగుళాలైతే పూవు కలపడానికి ప్రతి పట్టీకి 12 అడుగులు ఖర్చవుతుంది. అప్పుడు చుట్టకు రెండే పట్టీలు. 26 పట్టీలకు పదమూడు చుట్టలు! అదే గది, అదే ఎత్తు. మూడంగుళాల తేడా నాలుగు చుట్టల ధర తెచ్చిపెట్టింది.

తక్కువైతే మళ్లీ తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. చీటీ మీద బ్యాచి నంబరు కూడా ఉంటుంది. మళ్లీ వెళ్లేసరికి ఆ బ్యాచి అయిపోవచ్చు. మరో బ్యాచిది తెస్తే రంగులో వీసమెత్తు తేడా ఉంటుంది. అది దుకాణంలో కనిపించదు గాని, ఉదయం కిటికీలోంచి వెలుతురు పడగానే కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది.

ఇంతకూ నాలుగు గోడలకూ కాగితం కావాలా? ఇదే అసలు ప్రశ్న. చిన్న గదిలో నాలుగు వైపులా ముదురు పూలు పరిస్తే గది ఇంకా ఇరుకుగా కనిపిస్తుంది. లోపలికి రాగానే కంటబడే గోడో, మంచం తలవైపు గోడో, తలుపూ కిటికీ లేనిది ఒక్కటి ఎంచుకోండి. 12 అడుగుల గోడకు ఏడు పట్టీలు, అంటే మూడు చుట్టలు చాలు. పెద్ద పూవైనా నాలుగే.

నాలుగు గోడలూ కావాలనే పట్టు ఉంటే మరో ఉపాయం ఉంది. కింద మూడడుగుల మేర కడగడానికి వీలైన రంగు వేసి, పైన మాత్రమే కాగితం అంటించండి. పిల్లల చేతి మరకలకూ, గోడకు చేరగిలబడేవారి తలనూనెకూ ఆ రంగు తట్టుకుంటుంది. పైగా ఏడడుగుల పట్టీలు చుట్టకు నాలుగు వస్తాయి. పదమూడు చుట్టలు మింగిన ఆ పెద్ద పూల కాగితమే ఇప్పుడు ఏడు చుట్టలకు దిగివస్తుంది.

అసలు అంటించరాని గోడలూ ఉన్నాయి. స్నానాలగదికి ఆనుకున్నది, వానజల్లు కొట్టేది, ఇంకా ఆరని కొత్త గోడ. అనుమానముంటే అరచేయంత ప్లాస్టిక్ ముక్కను నాలుగంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. లోపలివైపు తడి చేరితే ఆ గోడను వదిలేయండి. వినైల్ కాగితం లోపలి తడిని బయటికి పోనివ్వదు, కాగితం వెనకాల బూజు పడుతుంది. సముద్రతీరపు ఊళ్లలో, ఏ.సి. గదుల బయటి గోడల విషయంలో ఇది మరీ గుర్తుంచుకోవాలి. సున్నం గోడనైతే పొడి రాలకుండా గీకించి, ప్రైమరు పూయించిన తరువాతనే కాగితం మాట.

పని ముగిశాక మిగిలిన ముక్కల్ని పారేయకండి. చుట్టచుట్టి బీరువా మీద పెట్టి, బ్యాచి నంబరు రాసిన చీటీ దానికే కట్టి ఉంచండి. ఏ కుర్చీ మూలో తగిలి కాగితం చిరిగిననాడు అతుకుకు అదే పనికివస్తుంది.