చిరుతపులి ఆహారం, వేట పద్ధతి: గొర్రెల మందల దృష్టి నుంచి ఒక పరిశీలన

సిద్దిపేట జిల్లా కొమురవెల్లిలో గుట్టపై వెలసిన మల్లన్న గొల్లకురుమల ఇలవేల్పు. ఆయన భార్యలలో ఒకరైన కేతమ్మ గొల్లల ఆడబిడ్డ. సంక్రాంతి మొదలు ఉగాది వరకు సాగే జాతరలో భక్తులు పట్నాలు వేయించి, ఒగ్గుకథ చెప్పించి, మంద చల్లగా ఉండాలని మొక్కుకుంటారు. మంద క్షేమం ప్రధానమైన ఇటువంటి సంస్కృతిలో మందకు శత్రువుగా పేరుపడిన చిరుతపులి వేట పద్ధతిని శాస్త్రీయంగా తెలుసుకోవడం అవసరం.

చిరుత ఆహార పరిధి చాలా విస్తృతమైనది. జింకలు, అడవిపందులు, కొండముచ్చులు, కుందేళ్లు, నెమళ్లు మొదలుకొని ఎలుకల వరకు అది తింటుంది. అయితే 10 నుంచి 40 కిలోల బరువున్న జంతువులను ఎక్కువగా ఎంచుకుంటుందని పరిశోధకులు గుర్తించారు. ఎదిగిన గొర్రెలు, మేకలు చాలావరకు ఈ బరువులోనే ఉంటాయి. కనుక అడవిలో వేట తగ్గినచోట చిరుత మంద వైపు రావడం అసహజం కాదు. మహారాష్ట్రలోని అకోలె ప్రాంతపు అధ్యయనంలో చిరుతల ఆహారంలో బరువు రీత్యా 87 శాతం పెంపుడు జంతువులేనని, కుక్కలే 39 శాతమని తేలింది. మందకు కాపలాగా ఉన్న కుక్క కూడా దానికి ఆహారమే.

చిరుత దూరం తరిమి వేటాడదు. పొదలు, రాళ్ల చాటున నేలకు ఆని, గోళ్లను లోపలికి ముడుచుకొని చప్పుడు లేకుండా సమీపిస్తుంది. కొద్ది మీటర్ల దూరం నుంచి ఒక్కసారిగా దూకి, గొంతు పట్టి ఊపిరాడకుండా చేస్తుంది. మిగిలిన మాంసాన్ని చెట్టుపైనో పొదలోనో దాచి, మళ్లీ వచ్చి తింటుంది.

దొడ్డిలో మాత్రం పరిస్థితి వేరు. పారిపోయే దారిలేని గొర్రెలు కళ్లెదుటే బెదిరి తిరుగుతుంటే చిరుతలోని వేట స్వభావం ఆగదు. తినగలిగిన దానికంటే ఎక్కువ గొర్రెలను చంపవచ్చు. దీనిని క్రౌర్యమనో పగ అనో భావించడం పొరపాటు. ఈ నష్టానికి మూలం ఆ దొడ్డి తెరిచి ఉండడమే.

అందువల్ల రాత్రివేళ పైకప్పు గల గట్టి దొడ్డిలో మందను ఉంచడం, దాని చుట్టూ పొదలు తొలగించడం, సందెవేళ పిల్లలను ఒంటరిగా మంద వెంట పంపకపోవడం ఫలవంతమైన జాగ్రత్తలు. చంపిన చోటికి చిరుత తిరిగి వస్తుందని తెలిసి కళేబరానికి విషం పూయడం మాత్రం తగదు. ఆ విషం కాపలా కుక్కలను, రాబందులను కూడా చంపుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న చిరుతను చంపడం నేరం కూడా. చిరుత స్వభావం మారదు. దొడ్డి కట్టే తీరును మార్చుకోవచ్చు. మందకూ చిరుతకూ మేలు చేసే మార్గం అదే.