కరిగిన లోహానికి సిరామిక్ అడ్డుగోడ
పోత పనిముట్లకు పూతే రక్ష... తడి ఉంటే మాత్రం ముప్పు

రంగారెడ్డి జిల్లా: ఉక్కు కరగాలంటే సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ వేడి అవసరం. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. అయినప్పటికీ కరిగిన అల్యూమినియంలో నిత్యం మునిగే ఉక్కు గరిటె క్రమంగా పలుచబడి చిల్లులు పడుతుంది. ఉప్పు కరగడానికి 801 డిగ్రీల వేడి కావాలి. కానీ అదే ఉప్పు నీటిలో వేడి లేకుండానే కరిగిపోతుంది. ద్రవ అల్యూమినియంలో ఇనుము పరిస్థితి కూడా ఇటువంటిదే.

రెండింతల నష్టం
రెండు లోహాలు కలిసినచోట పెళుసైన పొర ఏర్పడి, పెచ్చులుగా రాలి ద్రవంలో కలుస్తుంది. దీనివల్ల పనిముట్టు పాడవడమే కాక, పోత సరుకు సైతం దెబ్బతింటుంది. సిలికాన్ కలిసిన అల్యూమినియంలో ఇనుము సూదుల వంటి స్ఫటికాలుగా మారి, వస్తువు సులభంగా విరగడానికి కారణమవుతుంది. ఒకసారి కలిసిన ఇనుమును వేరుచేయడం కష్టసాధ్యం. ఇనుప వస్తువులకు జింకు పూత వేసే తొట్లకూ ఇదే బెడద. అందువల్లనే వాటి వేడిని 450 డిగ్రీల ప్రాంతంలో ఉంచుతారు. 500 డిగ్రీలకు చేరువైతే తొట్టి గోడల అరుగుదల వేగం పుంజుకుంటుంది.

పూత పనిచేసే తీరు
అల్యూమినా, జిర్కోనియా, బోరాన్ నైట్రైడ్ వంటి సిరామిక్ పదార్థాలు లోహానికీ ఉక్కుకూ నడుమ అడ్డుగోడగా నిలుస్తాయి. బోరాన్ నైట్రైడ్‌కు కరిగిన అల్యూమినియం అంటుకోదు. ఈ పొడిని ద్రవంలో కలిపి కుంచెతో పూయడం చౌకైన పద్ధతి. అయితే తరచూ తిరిగి పూయవలసి ఉంటుంది. పొడిని ప్లాస్మా జ్వాలలో కరిగించి చిమ్మే పద్ధతి ఖర్చుతో కూడినదైనా, పూత ఎక్కువకాలం నిలుస్తుంది.

వేడికి ఉక్కు వ్యాకోచించినంతగా అల్యూమినా వ్యాకోచించదు. పదేపదే వేడెక్కి చల్లారితే పూత పగులుతుంది. వెంట్రుకవాసి పగులు చాలు, ద్రవలోహం లోపలికి చొరబడి పూత కిందనే ఉక్కును తినివేస్తుంది. అందుచేత పూతకు ముందు ఉక్కును గరుకుగా మార్చి, అవసరమైన చోట మధ్యలో మరో పొర వేస్తారు.

తడి ఆరకుంటే ప్రమాదం
నీటితో కలిపిన పూత పూర్తిగా ఆరకముందే గరిటెను కొలిమిలో ముంచరాదు. నీరు ఆవిరిగా మారితే దాదాపు 1,600 రెట్లు విస్తరిస్తుంది. ఆ ధాటికి కరిగిన లోహం ఎగజిమ్మి కార్మికుల ప్రాణాలకే ముప్పు తెస్తుంది. పనిముట్టును ముందుగా వేడిచేయడం, పగిలిన పూతను వెంటనే సరిచేయడం తప్పనిసరి.

హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ సంస్థ పొడిని పేలుడు వేగంతో చిమ్మే డిటోనేషన్ స్ప్రే మొదలైన పూత విధానాలపై పరిశోధనలు సాగిస్తోంది.