గిడ్డంగుల రేవు – విహారనౌకల కొలను

లండన్ మహానగరంలో టవర్ కోటను చూడబోయిన వారిలో చాలామంది కోహినూరు వజ్రం పొదిగిన కిరీటాన్ని కళ్ళారా చూచి, పక్కనున్న టవర్ వంతెన మీద నాలుగడుగులు నడిచి తిరుగుముఖం పడతారు. వంతెన దాటి తూర్పుగా, నది వెంబడి కూతవేటు దూరం పోగలిగిన వారికి మరొక దృశ్యం ఎదురవుతుంది. ఎత్తయిన భవనాల నడుమ నిశ్చలమైన నీటి కొలనులు. వాటిలో ఒకదాని పక్కన ఒకటిగా ఒదిగి నిలచిన తెల్లని విహారనౌకలు. గట్ల మీద అంగళ్ళు, భోజనశాలలు, కాఫీ హోటళ్ళు. థేమ్స్ నది పక్కనే ఉరకలు వేస్తూ ఉంటుంది గాని, ఈ నీటికి ఆ తొందర అంటదు. దీని పేరు సెయింట్ క్యాథరిన్ రేవు. ఇప్పుడు అక్కడ సరుకు దింపే ఓడ ఒక్కటి కూడ లేదు. అయినా దానిని రేవు అనే పిలుస్తారు.

నదిని ఆనుకొని ఉన్న కొలనులో నీరు కదలకుండ ఉండుట ఎట్లా అన్న ప్రశ్న పిల్లలు వేయదగినదే. థేమ్స్ సముద్రపు ఆటుపోట్లకు లోబడిన నది. టవర్ వంతెన దగ్గర అమావాస్య, పూర్ణిమల పోటునాడు నీటిమట్టం ఆరు మీటర్లకు పైగా లేచి పడుతుంది. అదీ రోజుకు రెండుసార్లు. ఆటు సమయంలో గట్టున కట్టిన ఓడ బురదలో కూలబడక తప్పదు. అందువల్ల నదికీ కొలనుకూ మధ్య లాకు కట్టారు. ధవళేశ్వరం దగ్గర పడవ నదిలో నుంచి కాలువలోకి దిగుట చూచిన గోదావరి జిల్లాల వారికి ఈ ఏర్పాటును గురించి వేరే చెప్పనక్కరలేదు. రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిని సమం చేసి, అవతలి తలుపు తెరుస్తారు. భేదమల్లా ఒక్కటే. గోదావరి కాలువలో లాకు ఏ వేళనైనా పనిచేస్తుంది. ఇక్కడ చంద్రుని అనుమతి కావాలి. పోటుకు సుమారు రెండు గంటల ముందు నుంచి, పోటు దాటిన గంటన్నర వరకు మాత్రమే తలుపులు తెరుచుకుంటవి. ఎంతటి కోటీశ్వరుని నౌక అయినా ఆ వేళ తప్పితే బయట నదిలో కాచుకొని ఉండవలసినదే.

ఈ లాకునూ, ఈ కొలనులనూ రచించినవాడు థామస్ టెల్ఫర్డ్. రహదారులు, కాలువలు, వంతెనలు కట్టి బ్రిటన్ అంతటా పేరుపొందిన ఈ ఇంజనీరు లండన్‌లో చేసిన పెద్ద పని ఇది ఒక్కటే. అయితే ఆయన గునపం దింపిన నేల ఖాళీ నేల కాదు.

1147లో స్టీఫెన్ రాజు భార్య మటిల్డా రాణి, టవర్ కోట పక్కన సెయింట్ క్యాథరిన్ పేర ఒక ఆశ్రమాన్ని స్థాపించినది. దీనులకు, రోగులకు ఆశ్రయమిచ్చే ధర్మసంస్థ అది. రాణుల పోషణలో ఉండుటచేత ఆ ఆవరణ లండన్ నగరాధికారుల అజమాయిషీకి లోబడేది కాదు. నగరంలో చోటు దొరకని విదేశీయులు, చేతిపనివారు, నావికులు అక్కడ చేరారు. ఏడు వందల ఏండ్లకు దగ్గరగా ఆశ్రమం చుట్టూ ఊరు పెరిగి, ఇరుకు సందులతో కిక్కిరిసిపోయినది. ఆ సందులకు ‘డార్క్ ఎంట్రీ’, ‘క్యాట్స్ హోల్’ వంటి పేర్లు ఉండేవి. ఒకటి చీకటి వాకిలి, రెండవది పిల్లి కన్నం. ఆ పేర్లు వింటేనే అక్కడి గాలీ వెలుతురూ ఎట్టివో తెలుస్తుంది.

ఆ కాలంలో లండన్‌కు దిగువనున్న పెద్ద రేవులను కట్టిన కంపెనీలకు 21 సంవత్సరాల గుత్తహక్కులు ఉండేవి. వెస్టిండియా రేవు, లండన్ రేవు ఆ విధంగా వెలసినవే. 1820 తరువాత ఆ గడువులు ఒక్కొక్కటే తీరిపోగా కొత్త వ్యాపారులు రంగంలో దిగారు. నగరపు వర్తక కేంద్రానికి ఎంత దగ్గరగా సరుకు దింపగలిగితే అంత లాభం. అంత దగ్గరలో ఉన్న నేల ఈ ఆశ్రమపు నేల. 1825లో పార్లమెంటు శాసనం చేసినది. సుమారు 1,250 ఇళ్ళు నేలమట్టమైనవి. వాటితోపాటు మధ్యయుగాల నాటి ఆశ్రమ దేవాలయం కూడ పోయినది. నిలువ నీడ కోల్పోయినవారు సుమారు 11,300 మంది. ఇంటి యజమానులకు పరిహారం ముట్టినది. అద్దెకున్నవారికి, అంటే దాదాపు అందరికీ, ఏమీ ముట్టలేదు. వారిలో ఎక్కువమంది రేవులలో పనిచేసి బ్రతికేవారే. రేవు కోసం రేవు కూలీలనే వెళ్ళగొట్టినారన్నమాట. పేదల మురికివాడను తొలగించుట నగరానికి మేలేనని ఆనాడు వాదించినవారున్నారు. మురికి తొలగినమాట నిజమే గాని, ఆ మనుషులు తూర్పుననున్న ఇతర వాడలలో చేరి వాటిని మరింత ఇరుకు చేశారు.

ఇక్కడ తవ్విన మట్టి చరిత్ర కూడ చెప్పుకోదగినది. దానిని పడవలకెత్తి నదికి ఎగువగా తీసుకొనిపోయినారు. థామస్ క్యూబిట్ అనే నిర్మాత దానితో పిమ్లికో, బెల్‌గ్రేవియాల పల్లపు నేలలను మెరక చేసి, వాటి మీద సంపన్నులకు చక్కని భవనాలు కట్టినాడు. పిల్లి కన్నం కింది మన్ను ప్రభువుల ఇళ్ళకు పునాది అయినది.

1827 మేలో మొదటిరాయి వేయగా, 1828 అక్టోబరు 25న రేవు తెరచినారు. ఏడాదిన్నరలో అంత పని జరుగుట ఆ రోజులలో సామాన్యం కాదు. ఉన్న స్థలం కొంచెం. అందులోనే గట్టు పొడవు వీలైనంత పెంచవలెనని టెల్ఫర్డ్ ఒకే పెద్ద కొలను తవ్వక, తూర్పు పడమరలుగా రెండు కొలనులు తవ్వినాడు. వాట్, బోల్టన్‌ల సంస్థ చేసిన ఆవిరియంత్రాలు నీటిని ఎత్తిపోసి, కొలనుల మట్టాన్ని నది కంటె సుమారు నాలుగడుగులు హెచ్చుగా ఉంచేవి. గిడ్డంగుల రూపశిల్పి ఫిలిప్ హార్డ్‌విక్. ఇతర రేవులలో గట్టుకూ గిడ్డంగికీ మధ్య ఖాళీస్థలం ఉండేది. ఇక్కడ గోడలను నీటి అంచునే లేపి, ఇనుప స్తంభాల మీద పై అంతస్తులను నిలిపినారు. ఓడలో నుంచి ఎత్తిన బస్తా నేల మీద పడకుండ నేరుగా పై అంతస్తులోకి పోతుంది. శ్రమ తగ్గుతుంది, దొంగతనమూ తగ్గుతుంది. చుట్టూ ఎత్తయిన ప్రహరీ ఉండనే ఉన్నది.

ఆ గిడ్డంగులలో చేరిన సరుకుల పట్టిక చదివితే భూగోళ పాఠం చదివినట్లే ఉంటుంది. తేయాకు, ఉన్ని, పంచదార, సుగంధ ద్రవ్యాలు, చలువరాయి, రబ్బరు, ద్రాక్షసారా, తాబేటి చిప్పలు, నీలిమందు. నీలిమందు అనగానే తెలుగువారికి కడప గుర్తుకు రావాలి. పందొమ్మిదవ శతాబ్దంలో మద్రాసు రాజధాని నుంచి లండన్ విపణికి చేరిన నీలిమందులో కడప ప్రాంతపు సరుకుకు ప్రత్యేకంగా పేరుండేది. 1897లో జర్మనీ రసాయనశాలలలో చేసిన కృత్రిమ నీలిరంగు బజారుకెక్కిన తరువాత ఇక్కడి రైతు మడులూ, అక్కడి గిడ్డంగులూ రెండూ ఆ సరుకును మరచిపోయినవి.

అన్నింటికంటె అపురూపమైన సరుకు ఏనుగుదంతం. దానికై 1850లలో రెండు కొలనుల నడుమ జార్జి ఐచిసన్ ఒక భవనం కట్టినాడు. గడియారపు గోపురంతో ఉన్న ఆ ‘ఐవరీ హౌస్’ ఈనాటికీ నిలచి ఉన్నది. పియానో మెట్లకు, బిలియర్డ్ బంతులకు, కత్తుల పిడులకు ఐరోపా ఎంత దంతం అడిగినదో, అంతకై ఆఫ్రికా అడవులలో ఎన్ని ఏనుగులు కూలినవో ఆ భవనపు నేలమాళిగకు తెలియాలి.

ఇంత ఐశ్వర్యాన్ని భుజాన మోసినవారి బ్రతుకు మాత్రం గంటల లెక్కన నడిచేది. ఉదయమే రేవు ద్వారం దగ్గర వందలమంది గుమిగూడేవారు. మేస్త్రీ వచ్చి పది మందినో, ఇరవై మందినో వేలుపెట్టి పిలిచేవాడు. మిగిలినవారు ఉత్తచేతులతో ఇళ్ళకు పోవలసినదే. గాలి ఎదురుగా వీచి ఓడలు రాకపోతే వేలాది కుటుంబాలకు పస్తు. 1849, 1850 సంవత్సరాలలో హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత ఈ ద్వారాల దగ్గర నిలబడి, చూచినది చూచినట్లు రాసినాడు. నలభై ఏండ్ల తరువాత, 1889 ఆగస్టు 14న లండన్ రేవులలో గొప్ప సమ్మె పుట్టినది. గంటకు 5 పెన్నీలున్న కూలిని 6 పెన్నీలు చేయాలి, పిలిచినవాడికి కనీసం నాలుగు గంటల పని ఇవ్వాలి: ఇవీ వారి ముఖ్యమైన కోరికలు. ఒక్క పెన్నీ కోసం అయిదు వారాలు రేవులన్నీ స్తంభించినవి. పస్తులతో సమ్మె విరిగిపోయే సమయానికి ఆస్ట్రేలియా కార్మికులు, ప్రజలు 30 వేల పౌనులకు పైగా చందా పంపినారు. కార్డినల్ మానింగ్ మధ్యవర్తిత్వం వహించినారు. ఆ పెన్నీ దక్కినది.

రేవు మాత్రం యజమానులు ఆశించినంత లాభం ఎన్నడూ చూపలేదు. కారణం లాకులోనే ఉన్నది. తెరచాప ఓడలకు సరిపడిన 45 అడుగుల వెడల్పు, పెరుగుతూ పోయిన ఆవిరి ఓడలకు చాలలేదు. 1864లో పొరుగునున్న లండన్ రేవు కంపెనీలో ఇది కలసిపోయినది. 1909లో రెండూ లండన్ రేవుల అధికార సంస్థ చేతికి వచ్చినవి. 1940లో జర్మన్ బాంబులకు తూర్పు కొలను చుట్టూ ఉన్న గిడ్డంగులు బూడిదైనవి. చివరి దెబ్బ ఒక ఇనుప పెట్టె కొట్టినది. 1956లో అమెరికాలో తొలిసారిగా సరుకును పెద్ద ఇనుప పెట్టెలలో పెట్టి ఓడకెక్కించిన పద్ధతి పదేళ్ళలో ప్రపంచమంతా పాకినది. వందమంది మోసే బరువును ఒక క్రేను ఎత్తివేస్తుంది. అంతటి ఓడలకు లోతయిన నీరు, విశాలమైన నేల కావాలి. పని అంతా నది దిగువన టిల్బరీకి తరలినది. 1968లో సెయింట్ క్యాథరిన్ రేవు మూతపడినది. పన్నెండు, పదమూడేండ్లలో లండన్ నగరపు రేవులన్నీ దాని బాటనే పట్టినవి.

మూతబడిన గిడ్డంగిలో మొదట అడుగుపెట్టినవారు వర్తకులు కారు, చిత్రకారులు. బ్రిడ్జెట్ రైలీ, పీటర్ సెడ్జ్‌లీ మొదలైనవారు 1968లో ‘స్పేస్’ అనే సంస్థ పెట్టి, ఖాళీగా ఉన్న ఆ విశాలమైన గదులను తక్కువ అద్దెకు తీసుకొని కళాకారులకు పనిచేసుకొనే చోటు కల్పించారు. అది కొద్దికాలపు ముచ్చటే. స్థలాన్ని కొన్న గ్రేటర్ లండన్ కౌన్సిలు దాని పునర్నిర్మాణాన్ని టేలర్ వుడ్రో అనే నిర్మాణ సంస్థకు అప్పగించినది. 1973లో నది ఒడ్డున కాంక్రీటుతో ఒక పెద్ద హోటలు లేచినది. టవర్ వంతెన పక్కన అంత మొరటు కట్టడం ఎట్లా ఒప్పుకున్నారో అని ముక్కున వేలు వేసుకొనేవారు నేటికీ ఉన్నారు. కొలనులు విహారనౌకలకు నెలవైనవి. ఒప్పందంలో భాగంగా సామాన్య కుటుంబాలకు ప్రభుత్వ గృహాలు కూడ కొన్ని కట్టినారు. రేవుభూములన్నిటినీ తిరిగి తీర్చిదిద్దే ప్రభుత్వ సంస్థ 1981లో గాని పుట్టలేదు. దానికి పదేళ్ళ ముందే ఇక్కడ పని మొదలైనది.

ఈనాడు గట్టు మీద నడిచేవారిని ఎక్కువగా ఆకర్షించేది ‘డికెన్స్ ఇన్’ అనే కొయ్య కట్టడం. మూడంతస్తుల వసారాల నుంచి పూలతీగలు వేలాడుతూ ఉంటవి. చార్లెస్ డికెన్స్ కూర్చొని రాసిన సత్రం ఇదేనని భ్రమించి ఫొటోలు తీసుకొనేవారు లేకపోలేదు. అసలు అది పాత గిడ్డంగి. ఇటుక గోడల వెనుక మరుగుపడి ఉన్న కొయ్య చట్రం కూల్చివేతల సమయంలో బయటపడగా, దానిని సుమారు 70 మీటర్లు జరిపి, సత్రపు వేషం వేసినారు. 1976లో దానిని తెరచినవాడు నవలాకారుని మునిమనుమడు సెడ్రిక్ డికెన్స్. రచయితకు ఆ ఇంటితో ఉన్న చుట్టరికం అంతవరకే. హార్డ్‌విక్ కట్టిన గిడ్డంగులు దాదాపు అన్నీ పోయినవి. ఉన్నట్లు కనిపించేవి చాలావరకు వాటిని పోలిన కొత్త కట్టడాలు. నిజమైన పాతదనం కావలసినవారు లాకు రాళ్ళనూ, కొలను గోడలనూ, ఐవరీ హౌస్‌నూ చూడాలి.

ఐవరీ హౌస్ పై అంతస్తులలో ఇప్పుడు ఖరీదైన నివాసాలున్నవి. కింద అంగళ్ళు, భోజనశాలలు. ఏనుగుదంతం కొనుగోలు, అమ్మకాలను కొద్ది మినహాయింపులతో నిషేధించే శాసనాన్ని బ్రిటన్ 2018లో చేసి, 2022లో అమలులో పెట్టినది. కాబట్టి ఆ భవనానికి పేరిచ్చిన సరుకును ఆ భవనంలోని అంగడిలో అమ్మితే నేరం. బయటి ద్వారం మీద రెండు ఏనుగు బొమ్మలు మాత్రం వచ్చేపోయేవారిని చూస్తూ నిలచి ఉన్నవి.

ఆశ్రమం సంగతి చెప్పవలసి ఉన్నది. 1820లలో ఇక్కడి నుంచి తరలించిన ఆ ధర్మసంస్థకు నగరానికి వాయవ్యంగా, రీజెంట్స్ పార్కు పక్కన మంచి భవనాలు కట్టి ఇచ్చారు. అక్కడ దీనులు తక్కువ, దొరలు ఎక్కువ. నూట ఇరవై ఏండ్లకు పైగా దూరాన ఉండి, యుద్ధానంతరం 1948లో అది తిరిగి తూర్పు లండన్‌కు, లైమ్‌హౌస్‌కు వచ్చి చేరినది. పాత స్థానం నుంచి అది నడిచి పోదగినంత దూరమే. ఆశ్రమంతోపాటు వెడలగొట్టబడిన పదకొండు వేల మందిలో పేరు మిగిలినవారు అరుదు. రేవు పక్కగా పోయే వీధికి సెయింట్ క్యాథరిన్ పేరు ఉన్నది గాని, చీకటి వాకిలి, పిల్లి కన్నం ఉండిన చోట నీరున్నది.